బుడగ పాదం ఎత్తేదాకా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో అయిదు, రాసినవారు ఒకరినొకరు ఎరుగకపోయినా, ఒకే చోటికి దారి తీస్తున్నాయి: ద్రవంలో మునిగిన ఎలక్ట్రోడ్ మీద వాయు బుడగ ఎలా పుడుతుంది, ఎందుకు అంటిపెట్టుకొని ఉంటుంది, ఎప్పుడు వదిలి పైకి పోతుంది? అందుకని తక్కిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి ఈ అయిదింటినే తీసుకున్నాము. మొదటి జవాబు పెద్దదైంది. మిగతావి దాని మీదే ఆధారపడి ఉన్నాయి కనుక కాస్త ఓపిక పట్టమని మనవి.

ప్రశ్న: మా బడిలో పదవ తరగతి పిల్లలకు నీటి విద్యుద్విశ్లేషణ చేసి చూపిస్తాము. ప్లాస్టిక్ మగ్గు అడుగున రెండు రంధ్రాలు చేసి, రబ్బరు బిరడాల్లో కార్బన్ కడ్డీలు దిగ్గొట్టి, వాటి మీద పరీక్షనాళికలు బోర్లిస్తాము. బుడగలు కడ్డీలకు అతుక్కొని చాలాసేపు కదలవు. మగ్గును వేలితో తడితే గుంపుగా పైకి పోతాయి. పైగా హైడ్రోజన్, ఆక్సిజన్ 2:1 నిష్పత్తిలో రావాలని పిల్లలకు చెబుతుంటే, మాకు ఆక్సిజన్ ఎప్పుడూ తక్కువే వస్తున్నది. వాయువు నీటికంటే ఎంతో తేలిక కదా, పుట్టగానే ఎందుకు తేలిపోదు?
– ఒక ఉపాధ్యాయుడు, పరకాల

జవాబు: వాయువు తేలికైనదన్న మాట నిజమే. కానీ పైకి పోవాలంటే అది ముందు బుడగ కావాలి, ఆపై తాను నిలబడిన చోటినుంచి పాదం ఎత్తాలి. ఈ రెండూ అనుకున్నంత సులువు కావు.

కరెంటు ప్రవహిస్తున్నప్పుడు మైనస్ కడ్డీ అయిన కాథోడ్‌పై ఏర్పడే హైడ్రోజన్ అణువులు తొలుత నీటిలోనే కరిగి ఉంటాయి. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర, మామూలు వాతావరణ పీడనంలో, లీటరు నీరు దాదాపు 1.6 మిల్లీగ్రాముల హైడ్రోజన్‌ను మాత్రమే కరిగించుకోగలదు. వాయువు అంతకు మించిన వేగంతో తయారవుతూ, దూరంగా వ్యాపించే వ్యవధి దానికి దొరకకపోతే, కడ్డీని ఆనుకొని ఉన్న పలుచని నీటి పొర అతిసంతృప్తమవుతుంది. అంటే తాను పట్టగలిగిన దానికంటే ఎన్నో రెట్ల వాయువును మోస్తూ, దాన్ని విడిచిపెట్టే సందు కోసం ఎదురుచూస్తుంది. ఆ సందు దొరకడమే కష్టం. నీటి తలతన్యత, అంటే ఉపరితలాన్ని సాగదీసిన రబ్బరులా బిగించే గుణం, బుడగను అన్ని వైపులనుంచీ నొక్కుతుంది, బుడగ ఎంత చిన్నదైతే నొక్కుడు అంత ఎక్కువ. వ్యాసార్ధం 10 మైక్రోమీటర్లు ఉన్న బుడగ నిలవాలంటే దాని లోపలి పీడనం బయటికంటే 0.14 వాతావరణాలు ఎక్కువ ఉంటే చాలు. 1 మైక్రోమీటరు బుడగకు 1.4 వాతావరణాలు, 0.1 మైక్రోమీటరు బుడగకు 14 వాతావరణాల అదనపు పీడనం కావాలి. ఈ లెక్క చూస్తే, నున్నని చోట ఏ ఆసరా లేకుండా బుడగ పుట్టడం ఎంత కష్టమో తెలుస్తుంది. అందుకే అది గీతనో, గుంతనో, పగులునో, అందులో ముందే చిక్కుకొని ఉన్న రవంత గాలినో ఆసరా చేసుకుంటుంది. అన్నానికి ఎసరు పెట్టినప్పుడు గిన్నె అడుగున ఒకే చోటినుంచి బుడగలు వరుసగా లేవడం మనం రోజూ చూసేదే. గోలీసోడాను గాజు గ్లాసులో పోసినా అంతే, ఒక గీత దగ్గరినుంచి సన్నని దారంలా బుడగలు సాగుతాయి. మీ కార్బన్ కడ్డీ నిండా ఇటువంటి గుంతలే.

ఇక పాదం సంగతి. పెరుగుతున్న బుడగ కడ్డీని ఒక చిన్న వృత్తం మేర తాకుతుంది. నీరు, వాయువు, కార్బన్ మూడూ కలిసే ఆ గీతనే మనం బుడగ పాదం అందాము. తలతన్యత బుడగను పట్టి ఉంచేది ఆ గీత పొడవునా మాత్రమే. పైకి లాగేది ఉత్ప్లవన బలం, అది బుడగ ఘనపరిమాణంతో పెరుగుతుంది. నల్లా కట్టేసిన తరువాత దాని మూతి అంచున వేలాడే నీటిచుక్కను తలకిందులుగా ఊహించుకుంటే సరిగ్గా ఇదే: చుక్క తగినంత బరువెక్కేదాకా మూతి దాన్ని వదలదు. అడ్డంగా ఉన్న పలక మీద పాదం వ్యాసం మిల్లీమీటరులో పదో వంతు ఉందనుకోండి, తలతన్యత ఒడిసిపట్టగల బలం గరిష్ఠంగా 23 మైక్రోన్యూటన్లు. ఒక మిల్లీమీటరు వ్యాసం గల బుడగపై ఉత్ప్లవన బలం కేవలం 5 మైక్రోన్యూటన్లు. అంటే అంత చిన్న పాదం సుమారు 1.6 మిల్లీమీటర్ల బుడగ దాకా కట్టిపడేయగలదు. పాదాన్ని అందులో పదో వంతుకు తగ్గించినా వదిలే బుడగ వ్యాసం సగం దగ్గరే, 0.75 మిల్లీమీటర్ల చుట్టూ ఆగుతుంది. బుడగ ఎంత పెద్దదై వదులుతుందన్నది వాయువు తేలికదనం కంటే పాదం వెడల్పు మీద ఎక్కువగా ఆధారపడి ఉందని ఈ అంకెలే చెబుతాయి. మీ మగ్గులో కడ్డీలు నిలువుగా ఉన్నాయి కనుక కొన్ని బుడగలు పాదం ఎత్తకుండానే కడ్డీ వెంట పైకి జారుతాయి, దారిలో మిగతావాటిని ఊడ్చుకుపోతాయి.

పాదం ఎంత విశాలంగా పరుచుకుంటుందో నిర్ణయించేది ఉపరితలాన్ని నీరు తడిపే తీరు. శుభ్రమైన లోహం మీద నీరు పరుచుకుంటుంది, బుడగ కిందికి కూడా చొరబడి దాన్ని దాదాపు మొన మీద నిలబెడుతుంది. కార్బన్‌ను నీరు అంత ఇష్టంగా తడపదు. తామరాకు మీద నీరు ముద్దగా నిలిచినట్టే, నీరు వెనకాడే చోట వాయువు పరుచుకొని కూర్చుంటుంది. మరిగే నీటి బుడగల కోసం 1935లో ఫ్రిట్జ్ అనే జర్మన్ పరిశోధకుడు ఇచ్చిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. దాని ప్రకారం స్పర్శ కోణం (నీటి అంచు ఉపరితలాన్ని తాకేచోట చేసే కోణం) 40 డిగ్రీలైతే నీటిలో బుడగ రెండు మిల్లీమీటర్ల పైచిలుకు అయ్యాకే వదలాలి. శుభ్రమైన లోహ ఎలక్ట్రోడ్లపై మాత్రం చాలాసార్లు పదుల నుంచి వందల మైక్రోమీటర్ల లోపే బుడగలు వదిలిపోతాయి, కనుక ఆ సూత్రాన్ని ఇక్కడ యథాతథంగా నమ్మలేము.

మీ ఉత్తరం చదివాక మా వంటింటి బల్ల మీద ఒక గ్లాసు నీటిలో చెంచాడు బట్టల సోడా కలిపి, రెండు పెన్సిళ్లను ఇరువైపులా చెక్కి ముంచి, తొమ్మిది వోల్టుల బ్యాటరీ తగిలించి, భూతద్దంతో అరగంట కూర్చున్నాను. మైనస్ వైపు పెన్సిల్ మొన మీద ఒక గుంత దగ్గర ఒకే బుడగ మళ్లీమళ్లీ పుడుతూ వచ్చింది: మొదట ఆవగింజలో సగం కూడా లేదు, చకచక పెరిగింది, తరువాత పెరుగుదల మందగించింది, నాలుగైదు సెకన్లకు కొంచెం మెడ సాగి ఊడిపోయింది, అదే చోట వెంటనే ఇంకొక చుక్క మెరిసింది. ఊడిన బుడగ గుంతలో రవంత వాయువును వదిలిపెట్టి పోతుంది, తరువాతి దానికి అదే విత్తనం. ఆ తరువాత మైనస్ వైపు పెన్సిల్ తీసి స్టీలు చెంచా పెడితే దృశ్యమే మారిపోయింది. విడివిడి బుడగలు పోయి, చెంచా అంచునుంచి పాలపొగ లాంటి తెల్లని తెర లేచింది. చెంచా మీద వేలిముద్ర వేసి మళ్లీ ముంచితే ముద్ర పడినచోట మాత్రం బుడగలు పెద్దవై అతుక్కున్నాయి. చేతి జిడ్డు అంత పని చేస్తుంది. పిల్లలకు ఈ వేలిముద్ర తప్పక చూపించండి. స్టీలును మాత్రం ప్లస్ వైపు ఎప్పుడూ పెట్టవద్దు. అందులోని క్రోమియం విషపూరిత రూపంలో నీటిలో కరిగే ప్రమాదం ఉంది.

మీరు మగ్గును తట్టినప్పుడు జరిగేది ఏమిటంటే, కుదుపుకు పక్కపక్క బుడగలు తాకి కలిసిపోతాయి. రెండు సమాన బుడగలు ఒకటైతే మొత్తం ఉపరితలం సుమారు అయిదో వంతు తగ్గుతుంది. ఆ మిగిలిన ఉపరితల శక్తితో కొత్త బుడగ జెల్లీలా అదిరి, ఆ అదురులోనే పాదం ఊడబెరుక్కొని ఎగురుతుంది. తట్టకపోయినా అప్పుడప్పుడు ఇది దానంతటదే జరుగుతుంది, భూతద్దంలో చూస్తే ఒక బుడగ పక్కదాన్ని మింగి గంతు వేసినట్టే ఉంటుంది.

బుడగను కిందికి అదిమే బలం ఇంకొకటి ఉంది, దీన్ని నేను కూడా మొదట నమ్మలేదు. పళ్లెంలో నీటి మీద పసుపు చల్లి నడుమ సబ్బు వేలు పెడితే పసుపు అంచులకు పరుగెడుతుంది కదా, తలతన్యత తగ్గిన చోటినుంచి ఎక్కువ ఉన్న చోటికి ఉపరితలం లాక్కుపోవడమే అది. ఇటలీ శాస్త్రవేత్త పేరిట దాన్ని మరంగోని ప్రభావం అంటారు. ఎలక్ట్రోడ్ దగ్గర కరెంటంతా బుడగ పాదం చుట్టూ ఉన్న ఇరుకు సందులోంచి దూరుతుంది కనుక అక్కడి ద్రవం కాస్త వేడెక్కుతుంది. వేడికి తలతన్యత తగ్గుతుంది. దానితో బుడగ చర్మం వెంట ద్రవం పాదం నుంచి తల వైపు పారుతుంది, దాని ప్రతిచర్యగా బుడగ ఎలక్ట్రోడ్ వైపు నెట్టబడుతుంది. చిన్న ఎలక్ట్రోడ్లపై హైడ్రోజన్ బుడగల చుట్టూ ఈ ప్రవాహాన్ని ప్రయోగశాలల్లో కొలిచి చూశారు కూడా. వదిలే క్షణాన్ని అది వాయిదా వేస్తుంది.

ఇక 2:1 లెక్క. 25 డిగ్రీల వద్ద లీటరు నీరు సుమారు 30 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను, 19 మిల్లీలీటర్ల హైడ్రోజన్‌ను కరిగించుకోగలదు. మీ నాళికలో పది మిల్లీలీటర్ల ఆక్సిజన్ చేరాలంటే అంతకు ముందే నీరు తన వాటా తీసుకుంటుంది. పైగా ఆనోడ్ (ప్లస్ కడ్డీ) కార్బన్ అయినప్పుడు ఆక్సిజన్‌లో కొంత భాగం కడ్డీనే కొరికి కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది, అది ఇంకా బాగా కరుగుతుంది. కడ్డీకి అతుక్కున్న బుడగలు ఎలాగూ నాళికలోకి రావు. కాబట్టి కడ్డీలను గరుకు కాగితంతో రుద్ది, సబ్బుతో కడిగి, చేతితో తాకకుండా బిగించండి. పుస్తకంలో చెప్పినట్టు సజల సల్ఫ్యూరిక్ ఆమ్లమే వాడండి. ఉప్పు వేస్తే క్లోరిన్ వస్తుంది, వంటసోడా వేస్తే ఆనోడ్ దగ్గర కార్బన్ డయాక్సైడ్ వచ్చి ఆక్సిజన్‌తో కలుస్తుంది. మొదటి పావుగంట వాయువును లెక్కలోకి తీసుకోకుండా వదిలేసి, నాళికలు మళ్లీ నింపి, అప్పటినుంచి కొలవండి. కొలిచే ముందు ప్రతిసారీ మగ్గును తట్టండి. నిష్పత్తి సరిగ్గా రెండు కాకపోయినా, రెండుకు చాలా దగ్గరికి వస్తుంది.

ప్రశ్న: హైడ్రోజన్ ఆక్సిజన్ కంటే 16 రెట్లు తేలిక. అయితే హైడ్రోజన్ బుడగ 16 రెట్లు వేగంగా పైకి పోవాలి కదా? మా కాలేజీలో చూస్తే అలా లేదు.
– ఒక ఇంటర్ విద్యార్థిని, నర్సంపేట

జవాబు: అమ్మా, నువ్వు చూసింది సరైనదే, లెక్క మాత్రం వేరే చోట తప్పింది. బుడగను పైకి నెట్టేది నీటి సాంద్రతకూ వాయువు సాంద్రతకూ మధ్య తేడా. నీరు ఘనపు మీటరుకు సుమారు 1000 కిలోలు, ఆక్సిజన్ 1.3 కిలోలు, హైడ్రోజన్ 0.08 కిలోలు. వెయ్యిలోంచి 1.3 తీసేసినా 0.08 తీసేసినా మిగిలేది దాదాపు ఒకటే. వెయ్యి రూపాయలు మార్చుకునేవాడికి రూపాయి చిల్లర తేడా ఎంతో ఇదీ అంతే.

వేగాన్ని శాసించేది బుడగ పరిమాణం. చాలా చిన్న బుడగలకు స్టోక్స్ సూత్రం చక్కగా వర్తిస్తుంది: వ్యాసం రెట్టింపైతే వేగం నాలుగింతలు. 50 మైక్రోమీటర్ల బుడగ నిశ్చలమైన నీటిలో సెకనుకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు, 100 మైక్రోమీటర్లది సుమారు ఆరు మిల్లీమీటర్లు ఎక్కుతుంది. 20 మైక్రోమీటర్ల బుడగకు పది సెంటీమీటర్లు ఎక్కడానికి ఏడు నిమిషాలు పడుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల పెద్ద బుడగ సెకనుకు ఇరవై సెంటీమీటర్లకు పైగా పోతుంది గానీ తిన్నగా పోదు, అదుముకుపోయి అటూ ఇటూ ఊగుతూ వంకర దారి పడుతుంది. సన్నని బుడగలు ఒంటరిగా నెమ్మది అయినా, గుంపుగా లేచేటప్పుడు తమ వెంట నీటిని కూడా పైకి లాగుతాయి. ఆ నీటి వరద వాటిని ఇంకా త్వరగా మోసుకుపోతుంది, పైకి పోయిన నీరు పక్కనుంచి కిందికి దిగి చిన్న సుడి ఏర్పడుతుంది.

హైడ్రోజన్ బుడగలు నీకు మరీ సన్నగా కనిపించి ఉంటే ద్రావణం క్షారమో ఆమ్లమో చూసుకో. నీటిలో బుడగ ఉపరితలానికి సాధారణంగా ఋణావేశం ఉంటుంది, గాఢమైన ఆమ్లంలో అది తారుమారవుతుంది. క్షార ద్రావణంలో ఋణావేశపు హైడ్రోజన్ బుడగను ఋణావేశపు కాథోడే వికర్షించి తొందరగా సాగనంపుతుంది, ధనావేశపు ఆనోడ్ మాత్రం ఆక్సిజన్ బుడగను పట్టి ఉంచుతుంది.

ప్రశ్న: మా ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ మెట్ల కింది అల్మారాలో ఉంటుంది. కరెంటు వచ్చాక రెండు మూడు గంటలకు లోపల సలసల కాగుతున్న చప్పుడు వస్తుంది. నీళ్లు పోసే అబ్బాయి ‘కాగితేనే బ్యాటరీ బాగుంటది’ అంటాడు, పక్కింటివారు ‘పేలుతుంది’ అంటారు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. లోపల కాగడమేమీ లేదు. పలకల మీద పుట్టిన హైడ్రోజన్, ఆక్సిజన్ బుడగలు పాదం వదిలి పైకి వచ్చి పగిలే చప్పుడది. చార్జింగు దాదాపు పూర్తయ్యాక పలకలకు మార్చుకోవడానికి పదార్థం మిగలదు, వచ్చిన కరెంటు నీటిని విడగొట్టడం మొదలుపెడుతుంది. ఒక్కో అర (సెల్) 2.4 వోల్టుల దగ్గరికి, అంటే ఆరు అరల బ్యాటరీ 14.4 వోల్టుల దగ్గరికి వచ్చినప్పుడు ఇది జోరందుకుంటుంది. వేడి రోజుల్లో ఇంకా ముందే మొదలవుతుంది కనుక మన మే నెల ఎండల్లో నీళ్లు త్వరగా తగ్గడంలో ఆశ్చర్యం లేదు.

ఆ అబ్బాయి మాటలో నిజం ఇది. చార్జింగు సమయంలో పలకలనుంచి బయటికి వచ్చే యాసిడ్ నీటికంటే బరువైనది. పూర్తి చార్జిలో దాని సాపేక్ష సాంద్రత 1.24 నుంచి 1.28 దాకా ఉంటుంది. అది అడుగుకు దిగి పేరుకుంటే పలకల పై భాగం పలుచని ద్రావణంలోను, కింది భాగం చిక్కని ద్రావణంలోను ఉండిపోయి రెండూ తొందరగా చెడిపోతాయి. మజ్జిగ చిలికే కవ్వం పని అక్కడ బుడగలు చేస్తాయి. పలకల సందుల్లోంచి లేస్తూ ద్రవాన్ని వెంట లాగి, అడుగు యాసిడ్‌ను పైకి తెచ్చి కలుపుతాయి. కాబట్టి అప్పుడప్పుడు కొంతసేపు బుడగలు రావడం మంచిదే. గంటల తరబడి రావడం మంచిది కాదు. చార్జరు సెట్టింగు చూపించుకోవాలి.

పక్కింటివారి భయానికి లెక్క చెబుతాను. చార్జింగు నిండాక అదనంగా పోయిన ప్రతి ఆంపియర్-గంటకు ఆరు అరల్లో కలిపి సుమారు 2 గ్రాముల నీరు విడిపోయి, 30 డిగ్రీల దగ్గర దాదాపు 2.8 లీటర్ల హైడ్రోజన్ వస్తుంది. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే నిప్పురవ్వకు అంటుకుంటుంది. మీ అల్మారా లోపల 300 లీటర్ల గాలి ఉందనుకుంటే 12 లీటర్ల హైడ్రోజన్ చాలు, అంటే తలుపు బిగించి ఉంటే నాలుగైదు ఆంపియర్-గంటల అదనపు చార్జింగుతోనే ఆ హద్దు దగ్గర పడుతుంది. అదే బ్యాటరీ కిటికీ ఉన్న గదిలో ఉంటే ఆ హద్దు చేరడం ఎంతో దూరపు మాట. అల్మారా తలుపు తీయించేయండి, లేదా పైనా కిందా జాలీ పెట్టించండి. హైడ్రోజన్ పైకి పోతుంది కనుక పైది ముఖ్యం. దేవుడి పటానికి అగరుబత్తి ఆ మెట్ల దగ్గర వెలిగించే అలవాటు ఉంటే మానండి.

బుడగ పగిలేటప్పుడు చేసే ఇంకొక పని కూడా మీ ఇంట్లోనే కనిపిస్తుంది. ద్రవం అంచున బుడగ పగలగానే దాని గుంత మూసుకుపోతూ నడిమినుంచి సన్నని ధారను పైకి చిమ్ముతుంది, ఆ ధార తెగి చిన్న చుక్కలవుతుంది. ఆ చుక్కల్లో యాసిడ్ ఉంటుంది. బ్యాటరీ టెర్మినళ్ల చుట్టూ తెల్లగానో పచ్చగానో పేరుకునే పొడిలో ఈ తుంపరకు పెద్ద వాటా ఉంది. వంటసోడా కలిపిన నీటితో తుడిచి, ఆరాక వాజ్‌లైన్ రాయండి. నీళ్లు లోపలికి పడకుండా బిరడాలు బిగించి ఉంచాలి. నీళ్లు పోయవలసి వస్తే డిస్టిల్డ్ వాటరే పోయండి, బోరు నీళ్లు వద్దు.

ప్రశ్న: ఒకాయన ఇంటికి వచ్చి, మా నల్లా నీళ్లు ఒక గ్లాసులో, తన ఆర్వో మిషను నీళ్లు ఇంకో గ్లాసులో పోసి, రెండింటిలో కడ్డీలు పెట్టి కరెంటు ఇచ్చాడు. మా నీళ్లలో బుసబుస బుడగలు వచ్చి, నలుపూ గోధుమా రంగు మడ్డి నురుగై పైకి తేలింది. ఆయన నీళ్లు తేటగానే ఉన్నాయి. ‘మీరు తాగేది ఇదే’ అన్నాడు. నిజమేనా?
– ఒక రైతు, జమ్మికుంట

జవాబు: ఆ మడ్డి మీ నీళ్లలోనిది కాదు, ఆయన కడ్డీలోది. ఆ పరికరంలో మామూలుగా ఇనుము, అల్యూమినియం కడ్డీలు ఉంటాయి. ప్లస్ వైపు ఉన్న ఇనుము కరిగి, నీటిలో పచ్చని, నల్లని, చివరికి తుప్పురంగు హైడ్రాక్సైడ్‌గా విరిగిపోతుంది. మైనస్ వైపు హైడ్రోజన్ సన్నని బుడగలుగా లేస్తుంది. అవి మడ్డి ముక్కలకు అతుక్కొని వాటిని ఎత్తుకుపోయి పైన నురుగుగా నిలబెడతాయి. మురికినీటిని శుద్ధి చేసే కొన్ని యంత్రాల్లో కావాలనే ఈ పని చేయిస్తారు. అక్కడ అది మంచి పరిజ్ఞానం, మీ వాకిట్లో మాత్రం తమాషా.

ఆర్వో నీటిలో లవణాలు తక్కువ, కరెంటు పారదు, అందుకే బుడగా లేదు మడ్డీ లేదు. ఆయన గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ పెట్టమనండి, నిమిషంలో అదీ నల్లబడుతుంది. ఆ కడ్డీలు ఇంటి కరెంటుతో నడుస్తాయి కనుక గ్లాసులో ఎవరూ వేలు పెట్టకుండా చూడండి. నీటిలో లవణాలు ఉండటం దానంతటది చెడు కాదు. భారత ప్రమాణాల సంస్థ లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా కరిగిన లవణాలను ఆమోదిస్తుంది, వేరే దారి లేకపోతే 2000 దాకా అనుమతిస్తుంది. మన వైపు బోరు నీళ్లలో నిజంగా చూసుకోవలసింది ఫ్లోరైడ్. దాని హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, గత్యంతరం లేకపోతే 1.5. ఫ్లోరైడుకు రంగు లేదు, కడ్డీలు ముంచితే కనబడదు, ప్రయోగశాలలో పరీక్ష చేయించాల్సిందే. మిషన్ భగీరథ నల్లా నీళ్లయినా, బోరు నీళ్లయినా అనుమానం ఉంటే ఆ పరీక్ష చేయించుకొని, తరువాత మిషను గురించి ఆలోచించండి.

ప్రశ్న: గ్రీన్ హైడ్రోజన్ గురించి సెమినారులో, బుడగల వల్లే కరెంటు వృథా అవుతుందని ఒక మాట విన్నాను. ఇంత చిన్న బుడగతో అంత నష్టమా? గురుత్వాకర్షణ లేని అంతరిక్షంలో అయితే బుడగ అసలు వదులుతుందా?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, గోదావరిఖని

జవాబు: బుడగల వల్లే అనడం అతిశయోక్తి, కానీ వాటి వాటా చిన్నది కాదు. మీ ఊరి పక్కన రామగుండంలో ఎరువుల కర్మాగారం అమ్మోనియాకు కావలసిన హైడ్రోజన్‌ను సహజవాయువు నుంచి తీస్తుంది. దాన్నే గ్రీన్ హైడ్రోజన్‌గా, అంటే సౌర, పవన విద్యుత్తు వంటి వాటితో నీటినుంచి తీయాలంటే కిలో హైడ్రోజన్‌కు సిద్ధాంతపరంగా 39.4 యూనిట్ల విద్యుత్తు చాలు, ఆచరణలో 50 యూనిట్లు లేదా అంతకు మించి పడుతుంది. 2023 జనవరిలో ఆమోదం పొందిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నుల లక్ష్యం పెట్టుకుంది. అంత పెద్ద ఎత్తున కిలోకు ఒక్క యూనిట్ తగ్గినా 500 కోట్ల యూనిట్లు మిగులుతాయి.

బుడగ రెండు రకాలుగా అడ్డుపడుతుంది. పాదం వేసినంత మేరా ఎలక్ట్రోడ్‌ను కప్పేస్తుంది, దానితో మిగిలిన జాగా మీద కరెంటు ఒత్తిడి పెరుగుతుంది. వదిలాక కూడా ఎలక్ట్రోడ్ల నడుమ తేలుతున్నంతసేపు ద్రావణం వాహకతను తగ్గిస్తుంది. బుడగలున్న ద్రావణపు వాహకతను అంచనా వేసే బ్రుగ్గెమన్ సూత్రం ప్రకారం ద్రవంలో పదో వంతు వాయువైతే వాహకత 85 శాతానికి, 30 శాతం వాయువైతే 59 శాతానికి పడిపోతుంది. అందుకే క్షార ద్రావణంతో నీటిని విడగొట్టే కొత్త యంత్రాల్లో (ఎలక్ట్రోలైజర్లలో) జల్లెడ లాంటి ఎలక్ట్రోడ్లను, రెండు వాయువులను వేరుగా ఉంచే నడిమి పొరకు ఆనించి బిగిస్తారు. బుడగలు వెనక వైపునుంచి బయటపడతాయి, కరెంటు దారిలోకి రావు. ద్రావణాన్ని పంపుతో జోరుగా తోలి బుడగలను చిన్నగా ఉన్నప్పుడే ఊడబెరుకుతారు. ఎలక్ట్రోడ్ మీద సన్నని నూగు లాంటి నిర్మాణాలను పెంచి, నీరు బాగా తడిపేలా, బుడగకు పాదం ఆనించే చోటు దొరకకుండా చేయడం మీద పరిశోధన ముమ్మరంగా సాగుతోంది. ఆలోచిస్తే పరకాల ఉపాధ్యాయుడి కార్బన్ కడ్డీకి నేను చెప్పిన సబ్బు వైద్యానికి ఇది దూరపు చుట్టమే.

అంతరిక్షం సంగతికి వస్తే, అక్కడ ఉత్ప్లవన బలం ఉండదు కనుక పైకి అనే మాటకే అర్థం లేదు. బుడగ పాదం వదిలినా దూరం పోదు. పక్కవాటితో కలిసి పెద్దదై, ఎలక్ట్రోడ్ ముందు నురుగు పొరగా నిలిచిపోయి కరెంటును కోసేస్తుంది. జర్మనీలోని బ్రెమెన్ నగరంలో 146 మీటర్ల ఎత్తైన గోపురం ఒకటి ఉంది. పరికరాల పెట్టెను అడుగునుంచి పైకి విసిరి మళ్లీ పట్టుకుంటే, ఆ పైకి కిందికి ప్రయాణంలో తొమ్మిది సెకన్ల పైచిలుకు భారరహిత స్థితి దొరుకుతుంది, ఇటువంటి బుడగల ప్రయోగాలకు అది చాలు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు పీల్చే ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం నీటి విద్యుద్విశ్లేషణ నుంచే వస్తుంది. అక్కడి అమెరికా యంత్రంలో హైడ్రోజన్ కలిసిన నీటిని గిరగిర తిప్పే ఏర్పాటు ఉంది; బరువైన నీరు అంచుకు, తేలికైన వాయువు నడిమికి చేరి విడిపోతాయి. అయస్కాంతాలతో బుడగలను పక్కకు మళ్లించే ప్రయత్నాలు కూడా ఇటీవల జరుగుతున్నాయి.